చూపు తిప్పకూడని పని

ఉబెర్లిందా మూడేళ్ళలో ఐదు కెటిళ్ళు మాడ్చింది. మతిమరుపు వల్ల కాదు. మతిమరుపు మనుషులు కెటిల్‌ని పొయ్యి మీద వదిలేసి పక్కింటికి కబుర్లకు పోతారు. ఈవిడ పొయ్యి ముందు నుంచి కదిలేదే కాదు. నీళ్ళు మరగడం మొదలవగానే మూత తీసేది, బుడగల మీద చూపు నిలిపేది, నీళ్ళన్నీ ఆవిరై అడుగు కమిలేదాకా అలాగే నిలబడి ఉండేది. కెటిల్ దించితే బుడగలు ఆగిపోతాయి. బుడగలు ఆగడం ఆవిడ చూడలేదు.

చివరికి మరిగే వంటలన్నీ మానేసింది. ఉడకబెట్టిన బంగాళాదుంపలు లేవు, చేపల పులుసు లేదు, మాతే కూడా లేదు. మా కోనల్ రేవులో గడప తొక్కిన మనిషికి సొరబుర్రలో మాతే ఆకు పోసి, వేణ్ణీళ్ళు పోసి, పీల్చుకునే పుల్ల చేతిలో పెట్టకపోతే పొమ్మన్నట్టే. ఆ ఇంటికి జనం రాకపోకలు తగ్గించారు. ఆవిడకీ అదే కావాలన్నట్టుండేది. రొట్టె, జున్ను, పొగబెట్టిన చేప, వీటి మీద బతికింది. నలభై ఏడేళ్ళ మనిషి, పడవ లంగరు ఒక్కతే ఎత్తగలిగిన మనిషి, దండెం మీద ఆరేసిన చొక్కాలా అయిపోయింది.

ఆవిడ భర్త ఎలాదియో. మా చిలోయె దీవిలో ఈ ఒడ్డు పొడుగునా మగవాళ్ళకు రెండే దారులు. సాల్మన్ చేపల్ని పెంచే కంపెనీలో కూలి, లేదంటే సముద్రం అడుగుకు మునగడం. ఎలాదియో మునిగేవాడు. పడవలో కంప్రెసర్ ఆడుతుంటుంది, దాన్నుంచి పసుపుపచ్చ గొట్టం ఒకటి నీళ్ళలోకి దిగుతుంది, ఆ గొట్టం కొస నోట్లో కరుచుకుని, నడుముకు సీసపు దిమ్మల పట్టీ కట్టుకుని, ఇరవై మీటర్ల లోతున రాళ్ళకు అంటుకున్న ముళ్ళగుల్లల్ని ఏరి వలసంచిలో వేసుకుంటాడు మునిగేవాడు. పైన పడవలో ఉండి ఆ గొట్టం పట్టుకునే మనిషిని తెలె అంటాం. గొట్టం ఒకసారి లాగితే వదులు చెయ్యమని. రెండుసార్లు లాగితే పైకి లాగమని. పైమనిషికీ కిందిమనిషికీ మధ్య భాష అంతే. మిగతాదంతా బుడగలు. అవి వస్తున్నంతసేపూ కింద మనిషున్నాడు. తెలెకు ఈత రానక్కర్లేదు, పెద్ద కండలక్కర్లేదు. చూపు తిప్పకూడదు, అదొక్కటే.

ఆడవాళ్ళు తెలె పనికి వెళ్ళడం మా రేవులో ఉబెర్లిందాతోనే మొదలు. ఎలాదియో దగ్గర అంతకుముందున్నవాడు గంటకోసారి సిగరెట్ వెలిగించుకోడానికి గాలికి వీపు తిప్పేవాడు. వాణ్ణి మానిపించి ఎలాదియో ఇంటికొచ్చి పెళ్ళాంతో అన్నమాట ఇప్పటికీ రేవులో చెప్పుకుంటారు. "పెళ్ళైన కాణ్ణుంచి నా తప్పులు పట్టడానికి రెప్పెయ్యకుండా చూస్తన్నావు కదే. ఆ కళ్ళకి కూలి ఇప్పిస్తా, రా."

పదకొండేళ్ళు ఆ పని చేసింది. అక్టోబరులో గాలిలేని ఒక మధ్యాహ్నం ఎలాదియోను గొట్టం పట్టి పైకి లాగింది. అప్పటికే అయిపోయింది. గుండె ఆగిందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. కంప్రెసర్ బాగానే ఉంది, గొట్టం ఎక్కడా నలగలేదు, గొట్టం లాగిన సంకేతం కూడా రాలేదు. ఒడ్డు మీద తన ఇంట్లో తన కుర్చీలో ఉన్నా ఆ గుండె ఆ పూటే ఆగేదన్నాడు డాక్టరు. ఆ కాగితం ఉబెర్లిందా చదివింది. నేనూ చదివి వినిపించాను, ఊరి బడి పంతులుని కాబట్టి కాగితాలు నా దగ్గరకే వస్తాయి. అర్థమైందా అని అడిగితే అర్థమైందంది. సాయంత్రం మళ్ళీ కెటిల్ మాడింది.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళ సంగతి చెప్పకుండా ఉంటేనే మర్యాద, కానీ చెబుతాను. పాదిరి వచ్చి సముద్రం ఇచ్చింది, దేవుడు తీసుకున్నాడు అన్నాడు. సముద్రం ఎలాదియోను ఎప్పుడిచ్చిందో ఎవరికీ తెలియదు. ఇరుగుపొరుగు కాలమే మందు అన్నారు. కాలం మూడేళ్ళు తన పని తాను చూసుకుంటూ పోయింది. ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు ఒక అట్ట చూపించింది, దాని మీద సీతాకోకచిలుక, కింద "నువ్వు ధైర్యవంతురాలివి" అని. తనకు ధైర్యం లేదని ఎవరన్నా చెప్పారా అని ఉబెర్లిందా తిరిగి అడిగిందట.

ఆవిడది దుఃఖం కాదు. ఆ తేడా మాలో ఎవరికీ అంతుబట్టలేదు, నాకూ పట్టలేదు. దుఃఖమైతే పోయిన మనిషి గుర్తొస్తాడు. ఉబెర్లిందాకు ఎలాదియో గుర్తురావడం మానేశాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్క పూట మిగల్లేదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే ముఖం. నీటిమీదికి తేలిన ముఖం, మునిగేవాళ్ళు కళ్ళకు పెట్టుకునే అద్దం వెనక, నోట్లోంచి గొట్టం జారిపోయి, పెదాలు వంకాయ రంగులో. గోడకున్న పెళ్ళి ఫొటో వంక చూస్తే పెళ్ళికొడుకు ముఖం మీదికి కూడా ఆ అద్దం వచ్చి కూర్చునేది. ఫొటో తీసి బట్టల అడుగున పెట్టేసింది.

ఒకరోజు బడి వాకిట్లో ఆగి, "మాస్టారూ, మా ఆయన నవ్వితే ఎలా ఉండేవాడు?" అని అడిగింది.

నేను చెప్పబోయాను.

"వద్దులెండి. మీరు చెబితే మీ ముఖమే కనపడుద్ది."

ఆవిడకు కావలసింది అది. ఊరట కాదు, ధైర్యం కాదు. బతికున్న ఎలాదియో ముఖం ఒకటి.

నర్సు పంపగా పంపగా ఆంకుద్ పట్నం వెళ్ళడానికి ఒప్పుకుంది. అక్కడ మానసిక వైద్యం చేసే అమ్మాయి రోమినా, రాజధాని నుంచి వచ్చింది, ముప్ఫై దాటి ఉంటాయి. మా దీవిలో రెండు చలికాలాలు గడిపినా వాన అంటే ఆశ్చర్యపడటం మానలేదు. కళ్ళు కదిపించి చేసే వైద్యం ఆమెది. పీడకలలాంటి జ్ఞాపకాన్ని మనసులో పట్టుకోమంటుంది. ముఖానికి ఎదురుగా రెండు వేళ్ళు ఎడమకీ కుడికీ ఆడిస్తుంది. తల కదపకుండా కళ్ళతో ఆ వేళ్ళ వెంట వెళ్ళాలి. అర నిమిషం, ఆపడం, ఏం కనిపించిందో చెప్పడం, మళ్ళీ. నాకు ఇదంతా సంతలో తాయెత్తులమ్మేవాడి హస్తలాఘవంలా అనిపించింది, ఆ మాట ఆమెతోనే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. జ్ఞాపకాన్నీ కళ్ళ కదలికనీ ఒకేసారి మోయలేక మనసు జ్ఞాపకం మీద పట్టు కొంచెం సడలిస్తుందని కొందరంటారు, కాదని కొందరంటారు, ఎందుకు పనిచేస్తుందన్నదాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, పనిచెయ్యడం మాత్రం చాలామందిలో చూశాను, అంది. తెలియనిదాన్ని తెలియదని చెప్పే వైద్యుల్ని నేను పెద్దగా చూడలేదు. నోరు మూసుకున్నాను.

బుధవారాలు నాకు బడి ఒంటిపూటే కాబట్టి బస్సులో తోడు వెళ్ళేవాణ్ణి. బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. లోపల జరిగినదంతా వచ్చేటప్పుడు బస్సులో ఉబెర్లిందాయే చెప్పేది, సగం ఫిర్యాదుగా.

మొదటి వారం మనసుకు హాయిగా ఉండే చోటు ఒకటి తలుచుకోమందట. జనం మామూలుగా సముద్రపొడ్డు చెబుతారట. ఉబెర్లిందా చాలాసేపు ఆలోచించి, బస్సులో ఇంజను మీది సీటు అంది. కింద నుంచి వెచ్చగా ఉంటుందని. రోమినా రాసుకుంది. తర్వాత ఆ జ్ఞాపకం ఎంత బాధపెడుతోందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పమంది.

"మా ఆయన చావుకి మార్కులేంటమ్మాయ్? ఆ పని మా మాస్టారుది. బయటే కూచున్నాడు, పిలవనా?"

రెండోవారం వేళ్ళు ఆడించడం మొదలైంది. ఉబెర్లిందా చూపు రెండుసార్లు వేళ్ళ వెంట వెళ్ళింది. మూడోసారికి రోమినా కోటు బొత్తాం మీద ఆగిపోయింది, మళ్ళీ కదల్లేదు. రోమినా మెల్లగా ఆడించింది, దగ్గరగా ఆడించింది, ఎర్రరంగు పెన్ను పట్టుకుని ఆడించింది. చూపు మేకు కొట్టినట్టు బొత్తాం మీదే. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, రెప్ప పడటం లేదు.

కళ్ళతో కుదరనివాళ్ళకు ఇంకో పద్ధతి ఉందట. మోకాళ్ళ మీద ఎడమా కుడీ ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా తట్టడం. మూడోవారం రోమినా అది మొదలుపెట్టింది. టప్, టప్. ఉబెర్లిందా లేచి నిలబడింది. రోమినా కూర్చోబెట్టి మళ్ళీ తట్టింది. ఉబెర్లిందా మళ్ళీ లేచింది, ఈసారి రెండు చేతులూ గాల్లో ఏదో లాగుతున్నట్టు కదులుతున్నాయి.

"రెండు కొడితే పైకి లాగమని కదమ్మా. మీరు రెండేసి కొడతన్నారు. నేనేం చెయ్యను?"

రోమినాకు ఆ భాష తెలియదు. నేను చెప్పేవాణ్ణే, కానీ నన్నెవరూ లోపలికి పిలవలేదు. నాలుగోవారం ఉబెర్లిందా బస్సెక్కలేదు.

ఆవిడను ఆపింది అత్తగారని రేవులో అనుకున్నారు. దోన్యా ఎర్సిలియా పక్కింట్లోనే ఉంటుంది, డెబ్భై ఎనిమిదేళ్ళు, నాలుక మాత్రం పదునే. కొడుకు ఊపిరి పోయిన చోటికి ఎదురుగా ఒడ్డున రాళ్ళ మీద, మా వాళ్ళు ఎవరికైనా కట్టినట్టే, మోకాలెత్తు చెక్క ఇల్లు కట్టించింది ఆ ఆత్మ ఉండటానికి. వారానికోసారి లోపల దీపం పెట్టి వస్తుంది. కోడలు పట్నంలో కళ్ళ వైద్యం చేయించుకుంటోందని తెలిసి అన్నమాట నేనున్నప్పుడే అంది.

"ఆ పిల్ల నీ కళ్ళలోంచి నా కొడుకుని తుడిచేసుద్ది. బళ్ళో నల్లబల్ల తుడిచినట్టు. తుడిపించుకుని ఏం చేస్తావే, ఇంకోణ్ణి రాయించుకుంటావా?"

కానీ ఆపింది ఆ మాట కాదు. వారం తర్వాత కంచె దగ్గర నిలబడి ఉబెర్లిందా నాతో చెప్పింది. ఆ రెండోవారం, చూపు ఆగిపోకముందు, ఆ రెండుసార్లు వేళ్ళ వెంట వెళ్ళినప్పుడు, అద్దం వెనక ముఖం నిజంగానే కొంచెం మసకబారిందట. ఆవిడకు భయం పట్టుకుందట.

"నా దగ్గరున్నది ఒక్క ముఖం మాస్టారూ. చచ్చిన ముఖమే, కాదన్ను. అదీ పోతే ఏముంటది నా దగ్గర?"

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ఉపన్యాసం ఇచ్చాను. అధ్యయనాలు, శాతాలు. ఆవిడ విన్నది, నా చేతిలో రెండు గుడ్లు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. కోళ్ళకున్నంత ఉపయోగం కూడా నాకు లేదని అర్థమైంది.

నవంబరు వచ్చింది. మృతుల దినానికి ముందు ఆ చిన్న ఇళ్ళన్నిటికీ రంగు వేస్తాం, ఉప్పుగాలికి ఏడాదిలో రంగంతా పెచ్చులూడుతుంది. అత్తాకోడళ్ళు రెండు డబ్బాలు పట్టుకుని రాళ్ళ మీదికి వెళ్ళారు. నీలమొకటి, పచ్చదొకటి. ముసలామె చేతులు వణుకుతాయి, కుంచె కోడలికిచ్చింది. వాడికి ఏది ఇష్టమో అదే వెయ్యి అంది.

ఉబెర్లిందా కుంచె పట్టుకుని నిలబడింది. ఇరవై రెండేళ్ళు ఆ మనిషి చొక్కాలు ఉతికింది, పడవకు రంగు కొన్నప్పుడు పక్కనే ఉంది, ఏ రంగు కోసమో ఆయన దుకాణంవాడితో వాదులాడాడని తెలుసు. వాదన తెలుసు. రంగు రావడం లేదు. వాన మొదలైంది. ముసలామె కాసేపు చూసింది, కుంచె తీసుకుంది, తనే నీలం వేసింది. ఒక్క మాట అనలేదు. ఆ నాలుక ఊరుకోవడం ఉబెర్లిందా అంతకుముందెన్నడూ చూడలేదు.

ఆ తర్వాతి బుధవారం నాకంటే ముందే బస్సు దగ్గరుంది. తుడవడానికి తన కళ్ళలో ఏం మిగల్లేదని రాళ్ళ మీద తెలిసిందట. ఆ ఒక్క ముఖం మిగతా అన్నిటినీ మింగేసి కూర్చుంది. దాన్ని కాపాడుకుంటే దాన్నే కాపాడుకున్నట్టు, ఎలాదియోను కాదు. చదువుకున్నవాణ్ణి నేను చెప్పలేకపోయిన ముక్క అదే.

ఆరోజు గదిలో కూర్చోగానే, వేళ్ళు ఎత్తకముందే, మూడేళ్ళుగా ఎవరికీ చెప్పనిది రోమినాకు చెప్పింది. ఆ మధ్యాహ్నం సముద్రం నూనె పోసినట్టుంది. డాల్ఫిన్లు వచ్చాయి. పడవకు ముందు ఎడమ నుంచి కుడికి వెళ్ళాయి, తిరిగి కుడి నుంచి ఎడమకు. మళ్ళీ. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తిప్పని చూపు వాటి వెంట వెళ్ళింది. ఎంతసేపో తెలియదు. తిరిగి చూస్తే బుడగలు లేవు.

"మీరేమో చూపు అటూ ఇటూ తిప్పమంటారు. అదే కదమ్మా నేను చేసింది. కళ్ళు తిప్పితే మనిషి పోయాడు."

రోమినా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గుండె సంగతి ఎత్తలేదు, డాక్టరు కాగితం సంగతి ఎత్తలేదు. ఆ కాగితం నలభైమంది చదివి వినిపించారని ఆమెకు తెలుసు. తెలె పని గురించి అడిగింది. ఎవరెక్కడుంటారు, గొట్టం ఎలా పట్టుకుంటారు, ఎన్నిసార్లు లాగితే ఏమిటి. పనిమంతులు పని గురించి అడిగితే ఎంతసేపైనా చెబుతారు, ఉబెర్లిందా చెప్పింది. అప్పుడు రోమినా, ఏదో తెలియకే అడిగిందట, తెలివితేటలతో కాదు. "మరి కిందున్న మనిషి కళ్ళు? ఆయనా ఒకే చోట చూడాలా?"

ఉబెర్లిందా నవ్వింది. "కిందోడు ఒకేచోట చూస్తే గుల్లలెవడు ఏరతాడు? నోట్లో గొట్టంతో వాడికి మెడ తిరక్క కళ్ళే తిప్పాలి, ఇటూ అటూ, ఇటూ అటూ. చూపు తిప్పకూడంది పైనున్నోళ్ళే."

అని, ఆగింది.

రోమినా తొందరపడలేదు. ఉబెర్లిందా సంచిలో అల్లుతున్న మేజోడు ఉంది, దాని ఉన్ని ఉండ ఉంది. తనే తీసింది. కొస తన మణికట్టుకు చుట్టుకుని ఉండను రోమినా చేతిలో పెట్టింది.

"నేనెప్పుడూ దిగలా. నాకు ఈత కూడా రాదు. ఇవాళ నేను దిగుతా. నువ్వు పైనుండు. రెండుసార్లు లాగితే ఏంటో చెప్పు."

"పైకి లాగాలి."

"చూపు?"

"తిప్పను."

ఎడమచేతిలో ఉన్ని దారం, కుడిచేతి వేళ్ళు గాల్లో. చెయ్యి ఆడుతున్నా రోమినా చూపు ఉబెర్లిందా ముఖం మీదే. మొదటిసారి అద్దం ముఖం ఎదురవగానే ఉబెర్లిందా దారం రెండుసార్లు లాగింది. రోమినా చెయ్యి అక్కడికక్కడే ఆగింది, గట్టిగా పేరు పెట్టి పిలిచింది, పాదాలు నేలకు ఆనించమంది. రెండోసారీ అంతే. లాగితే పైకి వస్తున్నానని నమ్మకం కుదిరాక మూడోసారి లాగలేదు. కళ్ళు వేళ్ళ వెంట వెళ్ళాయి, వచ్చాయి, వెళ్ళాయి. అద్దం వచ్చింది, పెదాలు వచ్చాయి. ఆపి, మళ్ళీ. డాల్ఫిన్లు వచ్చాయి. ఆపి, మళ్ళీ. నీళ్ళు మాత్రమే. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, చేతుల్లో తడిగొట్టం స్పర్శ తప్ప.

తర్వాత పడవే లేదు. ప్రధాన భూభాగానికి దాటించే పంటు, దాని మేడమీది గది, వరసగా బెంచీలు. కంప్రెసర్‌కి ఏదో బోల్టు కోసం పుయెర్తో మోంత్ వెళుతున్నారు. ఎలాదియో ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. చెవి అంత దగ్గరగా ఉంది, చెవిలో వెంట్రుకలు కనిపిస్తున్నాయి, అందులో ఒకటి తెల్లది. ఉబెర్లిందాకు ఒంటికి వెళ్ళాలి. లేపితే కళ్ళు తెరవకుండానే, "ఒడ్డొచ్చాక లేపవే" అన్నాడు. ఒళ్ళు మండింది. భుజం తిమ్మిరెక్కింది.

అంతే. నవ్విన ముఖం కాదు, పెళ్ళినాటిది కాదు. దాచుకోడానికి ఎవరూ ఎంచుకోని అరగంట.

గోడకు ఇవతల బెంచీ మీద నేను ముందు నవ్వు విన్నాను. తర్వాత ఏడుపు. ఎలాదియోను పాతిపెట్టినప్పుడు ఆవిడ ఏడవలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. తర్వాత కోపం, అది మాత్రం స్పష్టంగా వినిపించింది.

"ఇదా నువ్వు చేసే వైద్యం? మూడేళ్ళు ఆయనంటే భయపడి చచ్చా. భయం బానే ఉంది కదమ్మా. ఇప్పుడు ఆ మనిషి కావాలనిపిస్తంది. ఎక్కణ్ణించి తెస్తావ్?"

రోమినా గొంతు చిన్నది, వినిపించలేదు. ఏమందని బస్సులో అడిగాను. దీన్ని తీసెయ్యడానికి తన దగ్గరేమీ లేదందట. తీసెయ్యాలని కూడా అనుకోవడం లేదందట.

ఇంకో ఆరు బుధవారాలు వెళ్ళాం. అద్భుతమేమీ కాదు, అలా రాయమంటే నేను రాయను. అద్దం ముఖం ఇప్పటికీ వస్తుంది, వచ్చి, చెప్పుల్లో చిక్కుకున్న రాయిలా నొప్పిపెట్టి, పోతుంది. మధ్యలో మళ్ళీ నీళ్ళు కాచబోతే ఆరో కెటిల్ కూడా మాడింది. కానీ ఆ ముఖం వెనకాల మిగతావన్నీ రావడం మొదలుపెట్టాయి, ఒక వరసా క్రమం లేకుండా. కార్డులాటలో దొంగాట ఆడి దొరికిపోయిన ఎలాదియో. జ్వరంలో అమ్మని పిలిచిన ఎలాదియో. పిల్లలు పుట్టరని ఖాయమైన రోజు రెండు పందిపిల్లల్ని కొనుక్కొచ్చి, ఎందుకు కొన్నాడో చెప్పలేక, రాత్రంతా వాటికి గూడు కట్టిన ఎలాదియో. ఇవి వచ్చిన రోజుల్లో ఉబెర్లిందా ముఖం చూడలేకపోయేవాళ్ళం. జబ్బు మనిషిలా ఉండేది కాదు. రేవుకు దిగే దారి మలుపు దగ్గర, ఏ పడవా లేని వేళ, ఎవరో వస్తున్నారన్నట్టు నిలబడి ఉండేది.

డాల్ఫిన్ల సంగతి అత్తగారికి చెప్పాలనుకుంది. వద్దన్నాను. నా మాట ఎప్పుడు విన్నది గనక. ఒక ఆదివారం మధ్యాహ్నం ముసలామె పొయ్యి దగ్గర కూర్చుని పొట్టేలు ఉన్ని దువ్వుతుంటే చెప్పేసింది. నేను కిటికీ దగ్గర కూర్చుని ముసలామె పెన్షను కాగితం నింపుతున్నాను, లేచి వెళ్ళే వ్యవధి దొరకలేదు.

దోన్యా ఎర్సిలియా దువ్వెన ఆపింది.

"ఎన్ని?"

"నాలుగు, అత్తా."

"పిల్లుందా?"

"ఉంది. తల్లి పక్కనే. ఎగరడం సరిగా రాక బొక్కబోర్లా పడతంది."

ముసలామె ఉన్నిలోంచి ఒక ముల్లు తీసి పొయ్యిలో వేసింది.

"పిల్లుంటే ఎవరన్నా చూస్తారు," అంది. మళ్ళీ, "నాకు చూపించాలని పిలిచేవోడు వాడు, చిన్నప్పుడు. పని మానుకుని పోవాల్సొచ్చేది" అంది. ఆ తర్వాత ఇద్దరికీ వాగ్వాదం మొదలైంది, ఎలాదియో గొంతు చిన్నప్పుడు కూడా బొంగురేనా, పొగవల్ల తర్వాత అయిందా అని. చీకటి పడేదాకా తేలలేదు. కన్నతల్లికి తెలియదా అని ముసలామె, పక్కలో పడుకున్నదానికి తెలియదా అని కోడలు. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఎలాదియో గురించి ఎవరూ అంతసేపు పోట్లాడుకోలేదు.

జనవరిలో బడి పుస్తకాల కోసం పుయెర్తో మోంత్ వెళ్ళాల్సి వచ్చింది నాకు. ఉబెర్లిందా తనూ వస్తానంది. పనేమైనా ఉందా అంటే లేదంది. బస్సు పంటులోకి ఎక్కాక జనమంతా మేడమీది గదిలోకి వెళ్ళారు. ఆవిడ కిటికీ పక్క బెంచీ చూసుకుని కూర్చుంది, పక్కన సంచి పెట్టింది. నేను ఎదురు బెంచీలో పేపరు విప్పాను. అదేనా అని అడగలేదు, పంటులు మారుతుంటాయి, బెంచీలన్నీ ఒకలాగే ఉంటాయి.

గది నిండింది. భుజాన ఉల్లిపాయల జడ వేసుకున్న ముసలాయనొకడు నడవలో ఆగి సంచి వంక చూశాడు.

"ఇక్కడెవరన్నా ఉన్నారా అమ్మా?"

ఉబెర్లిందా సంచి మీద చెయ్యి వేసింది. పంటు ఇంజను మొదలైంది, అద్దాలు అదిరాయి. ముసలాయన ఉల్లిపాయల్ని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఉండేవోడు," అంది. సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కూచోండి."

ఆయన కూర్చున్నాడు, ఆవిడకు తాకకుండా ఒద్దికగా, చివరికి జరిగి. జలసంధి దాటినంతసేపూ ఆవిడ ఆ పక్క భుజం కొంచెం దించుకునే కూర్చుంది.